నీళ్లు వద్దనే పూలమొక్క

పశ్చిమాఫ్రికాలో నవంబరు దాటాక ఈశాన్యం నుంచి ఒక గాలి మొదలవుతుంది. హర్మటాన్ అంటారు దాన్ని. సహారా దుమ్మును మోసుకొచ్చి గినీ తీరం దాకా చల్లిపోతుంది. పెదాలు పగులుతాయి, తలుపు చెక్కలు బీటలిస్తాయి, మధ్యాహ్నపు సూర్యుడు కూడా పాలిపోయి కనిపిస్తాడు. ఆ రోజుల్లో అక్కడి చిట్టడవిలో ఎండుటాకుల్ని కాలితో కదిపితే రాళ్ల సందున ముడతలు పడ్డ ఆకుపచ్చ గడ్డలు నాలుగైదు బయటపడవచ్చు. సగం మట్టిలో, సగం పైన, ఒకదాని పక్కన ఒకటి వరసగా ఉంటాయి. ఆకు లేదు, కాడ లేదు. ఏదో ఎండిపోయిన దుంప అనుకుని దాటిపోతాం.

అది చచ్చిన మొక్క కాదు. యూలోఫియా గినీన్సిస్ అనే నేల ఆర్కిడ్, సంవత్సరంలో దాదాపు సగం రోజులు అలాగే ఉంటుంది. మిగిలిన సగంలో చేయాల్సిన పనులన్నీ చేసేస్తుంది: ఆకు వేయడం, పూయడం, కాయడం, వచ్చే ఏటికి గడ్డ కట్టుకోవడం. ఈ మొక్కను పెంచాలనుకున్నవాడు ముందు నేర్చుకోవాల్సింది నీళ్లు పోయడం కాదు, చేతులు కట్టుకుని కూర్చోవడం. పూలమొక్కల మీద ప్రేమ ఉన్నవాళ్లకు ఇంతకంటే కష్టమైన పని మరొకటి లేదు.

ఆర్కిడ్ అనగానే మనకు కళ్ల ముందు కనిపించేది నర్సరీల్లో వేలాడే డెండ్రోబియం, పెళ్లి వేదికల మీద తెల్లగా వరసలు తీరే ఫలెనాప్సిస్. అవి చెట్టు కొమ్మల్ని పట్టుకుని గాలిలో వేళ్లు చాచి బతికేవి. ఆఫ్రికా ఆర్కిడ్లలో చాలా భాగం దారి వేరు. మంటలు, కరువు, పశువుల మేత ఉన్న గడ్డిభూముల్లో బతకాలంటే ప్రాణాన్ని మట్టిలో దాచుకోవాలి. యూలోఫియాలు ఆ విద్యలో ఆరితేరాయి. ప్రపంచం మొత్తం మీద రెండు వందలకు పైగా జాతులు. ఎక్కువ భాగం ఆఫ్రికాలోనే. కొన్ని ఆసియాకూ వ్యాపించాయి, మన తూర్పు కనుమల పొదల్లో కూడా ఒకటి రెండు రకాలు ఎండాకాలంలో ఆకు లేకుండానే పూకాడ నిలబెడతాయి.

ఈ యూలోఫియాలన్నిటికీ పేరు పెట్టడానికి ఆధారమైంది మన గినీ మొక్కే. 1823లో ఇంగ్లండు వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ లిండ్లీ బొటానికల్ రిజిస్టర్ అనే సచిత్ర పత్రికలో దీన్ని ప్రకటించాడు. పశ్చిమాఫ్రికా నుంచి ఇథియోపియా దాకా, ఎర్రసముద్రం దాటి యెమెన్ కొండల దాకా ఇది ఉంది. అంత విశాలంగా ఉన్నా, అడవిలో అక్కడక్కడా చెదురుగా కనిపిస్తుంది. కుండీలో అయితే నిజంగా అరుదు. రెండు వందల ఏళ్లుగా పేరు తెలిసినా, తోటల్లో నిలదొక్కుకోలేదు. ఎందుకో చెప్పే ముందు పువ్వును ఒకసారి దగ్గర నుంచి చూడాలి.

వానలకు ముందు గాలిలో ఉక్క పెరిగినప్పుడే దానికి కబురు అందుతుంది. నిరుటి గడ్డ మొదట్లోంచి కొనదేలిన మొలక ఒకటి పొడుచుకొస్తుంది. దాని పక్కనే, ఆకు ఇంకా చుట్ట విప్పకముందే, పూకాడ లేస్తుంది. మోకాలెత్తు వరకూ పెరిగి, కింది నుంచి పైకి ఒక్కొక్కటిగా మొగ్గలు విప్పుతుంది. ముందు చూపు ఆగేది పెదవి మీద. ఆర్కిడ్ పువ్వులో మూడో రేకును పెదవి అంటారు, పురుగు వాలే అరుగు అదే. ఇందులో అది వెడల్పుగా, గులాబీ రంగులో, కొన్ని మొక్కల్లో ఊదా వైపు తిరిగి, గొంతు దగ్గర ముదురు రంగు దిద్దుకుని ఉంటుంది. మిగతా రేకులు సన్నగా, ఆకుపచ్చా గోధుమరంగూ కలిసిన మట్టి ఛాయలో, వెనక్కి పైకి నిక్కి నిలబడతాయి. పెదవి వెనక నుంచి సన్నని కొమ్ములాంటి గొట్టం ఒకటి కిందికి దిగుతుంది. తేనె ఉన్న పూలకు అలాంటి గొట్టాలుంటాయి. యూలోఫియాల్లో చాలా వాటికి ఆ గొట్టం ఉంది, అందులో తేనె మాత్రం లేదు.

అంటే మోసం. యూలోఫియాల్లో ఎక్కువ జాతులు ఇలాగే బతుకుతాయి. ఇదే కుటుంబంలో యూలోఫియా హార్స్‌ఫాలీ అనే పెద్దది ఒకటుంది. చిత్తడి నేలల్లో మనిషిని మించి ఎత్తు పెరిగే కాడతో నిలబడుతుంది. దక్షిణాఫ్రికాలో గమనించినప్పుడు దానికి పుప్పొడి చేరవేసేది గండుతుమ్మెద అని తేలింది. తేనె ఉందనుకుని తుమ్మెద తల దూర్చుతుంది, బయటికి వచ్చేటప్పుడు పుప్పొడి ముద్దలు దాని వంటికి అతుక్కుంటాయి. దక్కేది అంతే. మోసపోయిన తుమ్మెద ఆ కాడ మీదే ఎక్కువసేపు కాలయాపన చేయదు, మరో మొక్క దగ్గరికి వెళుతుంది. మొక్కకు కావాల్సిందీ అదే: తన పుప్పొడి తన పువ్వుకే చేరకూడదు.

ఇందుకు ఇంకో గట్టి ఏర్పాటు కూడా ఉంది. దక్షిణాఫ్రికాలోని యూలోఫియా ఫోలియోసాకు వచ్చేది టిక్కుమని ఎగిరిపడే ఒక రకం పెంకుపురుగు. పురుగు ఎత్తుకుపోయిన పుప్పొడి ముద్దల మీద చిన్న టోపీ ఒకటి మూతలా ఉండిపోతుంది. కొన్ని నిమిషాల తర్వాత గానీ ఆ టోపీ ఊడిపడదు. ఆ లోపల పురుగు అదే మొక్క మీద ఎన్ని పువ్వులు తిరిగినా పుప్పొడి అంటదు. టోపీ పడేవేళకు పురుగు వేరే మొక్క మీద ఉంటుంది. ఆర్కిడ్ పూలలో ఈ ఆలస్యపు ఏర్పాట్లు తన పుప్పొడి తనకే తగలకుండా చూసుకోవడానికేనని 1862లోనే డార్విన్ ఊహించాడు. బుర్ర లేని మొక్క ఇంత లెక్క వేసుకుందా అని నోరు వెళ్లబెట్టడం తప్ప ఇక్కడ నాకు తోచేది లేదు.

కాయ పండి పగిలితే వేలకు వేలు గింజలు గాలిలోకి లేస్తాయి. గింజ అనడమే ఎక్కువ, ధూళి అనాలి. కందిగింజలో, వడ్లగింజలో మొలకకు తిండి మూటగట్టి ఉంటుంది. ఆర్కిడ్ గింజలో ఆ మూట లేదు. నేలలో ఒక రకం బూజు దానిలోకి చొరబడి, దానికి పోషణ అందిస్తే తప్ప మొలవదు. ఈ రహస్యాన్ని 1899లో ఫ్రెంచి కుర్రవాడు నోయెల్ బెర్నార్ ఒక అడవి ఆర్కిడ్ మొలకల్లో కనిపెట్టాడు. అంతకుముందు గాజుగదుల యజమానులు తల్లి మొక్క మొదట్లో గింజలు చల్లి, దేవుడి మీద భారం వేసేవారు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ బూజు అవసరం లేకుండానే చక్కెర, లవణాలు కలిపిన అగర్ అనే జెల్లీ మీద ఆర్కిడ్ గింజలు మొలకెత్తించాడు. ఇవాళ సీసాల్లో పెరిగిన ఆర్కిడ్ మొలకలు దొరుకుతున్నాయంటే ఆ పనివల్లే. గినీ యూలోఫియా కావాలనుకునేవాళ్లు అడగాల్సింది కూడా ఇలా గింజ నుంచి పెంచిన మొక్కనే. అడవి నుంచి తవ్వి తెచ్చిన గడ్డ వేళ్లు తెగి, సమయం తప్పి, చాలావరకు కుళ్లిపోతుంది. పైగా ఆర్కిడ్లన్నీ వన్యజీవుల, అడవి మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం కిందికి వస్తాయి, సరైన పత్రాలు లేకుండా దేశం దాటించడం నేరం.

తవ్వకం అంటే ఒక సంగతి గుర్తొచ్చింది. జాంబియాలో నేల ఆర్కిడ్ల దుంపలను ఎండబెట్టి దంచి, వేరుశనగ పొడితో, మిరపకాయతో కలిపి ఉడికించి ముద్ద చేస్తారు. చికాండా అంటారు, ముక్కలుగా కోసుకు తింటారు. పల్లెల్లో ఇంటి వంటగా ఉన్నంతకాలం అడవికి పెద్ద దెబ్బ తగలలేదు. పట్నాల్లో గిరాకీ పెరిగాక దుంపల కోసం పక్కనున్న టాంజానియా ఎత్తైన గడ్డిభూముల దాకా తవ్వకాలు పాకాయి. అక్కడి కిటులో పీఠభూమిని స్థానికులు బుస్తానీ యా ముంగు, దేవుడి తోట అంటారు. నలభై అయిదు రకాల ఆర్కిడ్లున్న ఆ పీఠభూమి 2005లో జాతీయ వనమైంది. చికాండాకు ఎక్కువగా తవ్వేవి డిసా, సటీరియం, హాబెనేరియా. యూలోఫియా దుంపలకు గిరాకీ మన దేశంలో ఉంది, సాలిబ్ మిశ్రి పేరుతో బలానికని అమ్మేవాటిలో ఇవీ కలుస్తాయి.

ఇక కుండీ సంగతి. విడదీసి నాటే మొక్కలో కనీసం మూడు గడ్డలుండాలి. ఒంటరి గడ్డ బతికినా ఏళ్ల తరబడి పూయదు. ఆకు లేని పాత గడ్డలు పనికిరానివని తీసిపారేస్తారు కొందరు. అవే కొత్త మొలకకు తిండి పెట్టేవి, వాటిని కదపకూడదు. మట్టి కుండీ మంచిది, అడుగున రంధ్రం పెద్దదిగా ఉండాలి. ముతక ఇసుక, బాగా మాగిన ఆకు ఎరువు, తోటమట్టి, బెరడు ముక్కలు, కాస్త బొగ్గు కలిపితే సరిపోతుంది. నీళ్లు పోస్తే నిలవకుండా కిందికి జారిపోవాలి, అదే పరీక్ష. ఇప్పుడు అందరూ అన్నిటికీ కొబ్బరి పొట్టు వాడుతున్నారు. దీనికి మాత్రం నేను వద్దంటాను, తడిని పట్టుకుని వదలదు. గడ్డను సగం మట్టిలో, సగం పైకి కనిపించేలా పెట్టాలి. పూర్తిగా పూడిస్తే మెడ దగ్గర కుళ్లు మొదలవుతుంది. మొలక ముందుకు నడుస్తుంది కాబట్టి పాత గడ్డలను ఒక అంచుకు జరిపి, ముందువైపు చోటు వదలాలి.

మొలక కనిపించగానే మనసు ఆగదు, చెంబు చేతిలోకి వస్తుంది. అక్కడే చాలామంది మొక్కలు పోగొట్టుకుంటారు. అప్పటికి కొత్త వేళ్లు ఇంకా రాలేదు, తాగే నోరే లేదు. పైగా చుట్టుకున్న లేత ఆకుల మధ్య గుంటలో నీటిబొట్టు నిలిచిందంటే రెండు రోజుల్లో మొలక నల్లబడి, లాగితే ఊడి చేతికొస్తుంది. మొలక వేలెడంత అయ్యాక కుండీ అంచు వెంట కాస్త తడపాలి. ఆకు విచ్చుకునే దాకా నేరుగా వాన పడనివ్వకుండా చూరు కింద ఉంచాలి. ఆ తర్వాత మాత్రం లోభం పనికిరాదు. పసుపు ఆకులాగా మడతలు మడతలుగా విప్పారిన వెడల్పాటి ఆకులు, బలిసిన తెల్లటి వేళ్లు ఆబగా తాగుతాయి. ఎండ కాసే రోజుల్లో రోజూ పోసినా పరవాలేదు, పల్చటి ఎరువు నీళ్లు వారానికోసారి ఇవ్వొచ్చు. ఈ నాలుగైదు నెలల్లో కడుపు నిండా తిన్నదే గడ్డగా మారుతుంది, ఆ గడ్డ లావును బట్టే వచ్చే ఏడు పూకాడ. పొద్దుటి ఎండ, ఆపైన షేడ్ నెట్ కింది వెలుతురు దీనికి సరిపడతాయి. గాలి పొడిబారితే ఆకు అడుగున ఎర్రనల్లి చేరుతుంది, వారానికోసారి ఆకు తిప్పి చూడాలి. ఆకు మొదట్లో పిండినల్లి దాక్కుంటుంది, దాన్ని తడిగుడ్డతో తుడిచేయడమే సులువు.

అక్టోబరు చివర్లో ఆకు పసుపు రంగుకు తిరుగుతుంది. జబ్బు కాదది. మందు కొట్టకూడదు, ఎరువు వేయకూడదు, ఆకు కోయకూడదు. ఆకులో ఉన్న సారమంతా గడ్డలోకి దిగి, ఆకు తనంతట తాను ఊడిపడే దాకా ఆగాలి. నీళ్లు తగ్గిస్తూ వచ్చి ఆపేయాలి. గడ్డ మరీ వడలిపోతుంటే నెలకో గరిటెడు, అదీ కుండీ అంచున.

తెలుగు నేలలో పెంచేవాడికి ఒక సుఖం ఉంది. గినీ తీరం వెనకనున్న పచ్చిక అడవుల కాలచక్రం మనదానికి దగ్గర. అక్కడా వేసవి చివర్లో వానలు మొదలవుతాయి, అక్కడా చలికాలం పొడిగా గడుస్తుంది. లండన్‌లో గాజుగది కట్టి, బొగ్గు కాల్చి చలికాలమంతా వెచ్చదనం ఇవ్వాల్సి వచ్చిన మొక్క రోహిణి కార్తె ఉక్కకు ఇక్కడ తనంతట తాను మొలకెత్తుతుంది. కోస్తాలో చలి రాత్రుల గురించి బెంగ లేదు. ఆదిలాబాద్ వైపు పది డిగ్రీలకు దిగిపోయే రాత్రుల్లో మాత్రం కుండీని ఇంట్లో పెట్టుకోవాలి. చలీ తడీ కలిస్తే గడ్డ తెల్లారేసరికి మెత్తబడిపోతుంది.

ఇదే ఆఫ్రికా నుంచి వెళ్లిన దీని చుట్టం ఒకటి, మచ్చల ఆకుల మాక్యులాటా, అట్లాంటిక్ దాటి బ్రెజిల్ నుంచి ఫ్లోరిడా దాకా కలుపులా పాకింది. దానికి పురుగు కూడా అక్కర్లేదు, వానచినుకు తగిలితే చాలు తన పుప్పొడి తనకే అంటుకుని కాయ కట్టేస్తుంది. ఒకే వంశంలో ఒకటి ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంటే, ఇంకొకటి ఇంత బతిమాలించుకుంటోంది.

ఇంత తెలిసినా చివరికి ప్రమాదం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పనా? సంక్రాంతికి ఊరెళుతూ కుండీలన్నీ పక్కింటి పిన్నిగారికి అప్పగిస్తాం. ఆవిడ చేయి చల్లనిది. మందారానికి, మల్లెకు పోసినట్టే దీనికీ పోస్తారు, ఆకు లేదని జాలిపడి ఇంకో చెంబు ఎక్కువ పోస్తారు. అందుకే వెళ్లేముందు ఈ కుండీని మంచం కిందికి తోసి, తిరిగొచ్చేదాకా దాని ఊసు ఎవరికీ చెప్పకపోవడం మేలు.