జననమరణముల పుస్తకము ఎవరి సొత్తు?

రైతు కాలము చేసిన యింట దుఃఖము చల్లారక మునుపే కాగితముల పని మొదలగును. పొలము వారసుల పేరునకు మారవలెను. సంఘమునందలి వాటాధనము చెందవలసినవారికి చెందవలెను. వచ్చు పంటకు అప్పు పుట్టవలెను. వీని కన్నింటికిని మరణ ధ్రువపత్రమే మొదటి మెట్టు.

గుణదలయందు కాపురమున్న మన సభ్యుడొకడు తన తాతగారి మరణపు నకలు కోరి, డెల్టాలోని యొకానొక స్థానిక కార్యాలయమునకు మూడుమారులు తిరిగెను. మొదట పాత పుస్తకములు కనబడలేదనిరి. పిమ్మట కుటుంబ వివరములు రహస్యములనిరి. మూడవమారు ఎవరినైన పెద్దలను వెంటబెట్టుకొని రమ్మనిరి. కాగితముపై నొక్క ముక్కయు వ్రాసి యీయలేదు. పొలము నేటికిని తాతగారి పేరనే యున్నది. తన పేర పాసుపుస్తకము లేక ఆతడు ఈ యేడు పంటకు వెలుపల హెచ్చువడ్డీకి అప్పు తెచ్చుకొనెను.

ఆ పుస్తకము కార్యాలయమువారి సొత్తు కాదు. 1969వ సంవత్సరపు జననమరణముల నమోదు చట్టము 17వ సెక్షను ప్రకారము, ఎవరైనను రుసుము చెల్లించి రిజిస్టరును వెదకించి, ధ్రువపత్రమును పొందవచ్చును. మరణకారణమును మాత్రము అందు చూపరాదు. గోప్యతకు చట్టమే గీసిన హద్దు అది. దానికి మించిన రహస్యమును గుమాస్తాలు కల్పించుట న్యాయము కాదు. నమోదు కనబడనిచో, లేదనియైనను వ్రాసి యిమ్మని యడుగవలెను. సంవత్సరము దాటిన మరణమును మెజిస్ట్రేటు ఉత్తరువుతో నమోదు చేయించుకొనుటకు ఆ పత్రము పనికివచ్చును.

పంచాయతీ మారినంత మాత్రమున బాధ్యత మాసిపోదు. 1985లో గుణదల, పటమట, భవానీపురము పంచాయతీలు విజయవాడ నగరపాలక సంస్థలో కలిసినవి. ఊళ్లు ఇట్లు కలిసినచోట్ల పాత రిజిస్టరు లెవరి యధీనమున నున్నవో ప్రజలకు స్పష్టముగా తెలుపవలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి నగరమున అనేక కుటుంబముల యిండ్లు మునిగినవి. ఇంటి కాగితములు నీటిపాలైనవారికి సర్కారు పుస్తకమొక్కటే యాధారము గదా!

అధికారులపై అకారణముగా నింద వేయుట మా యభిమతము కాదు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రము తహశీల్దారు ఈయవలసినది. దానికై పంచాయతీని దూరుట తగదు. ఏ కాగిత మెవరు ఈయవలెనో ముందుగా తెలిసికొని, నోటిమాటగాక వ్రాతమూలముగా నడిగి, రసీదు పుచ్చుకొనవలెను. అట్లు చేసినను బదులు రానిచో 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు చేయవలెను. ఆంధ్రప్రదేశ్ నియమముల ప్రకారము ఇందుకు గ్రామస్థాయి కార్యాలయమున రుసుము లేదు. మండలస్థాయిని 5 రూపాయలు, పైస్థాయిని 10 రూపాయలు. 30 దినములలో సమాధానము రావలెను. రానిచో పైయధికారికి అప్పీలు కలదు. కారణము లేక జాగుచేసిన యధికారికి దినమునకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును.

సభ్యులకును మా మనవి యొకటి కలదు. జననమైనను మరణమైనను 21 దినములలో నమోదు చేయించుడు. వారసత్వముగా భూమి సంక్రమించినచో, 1971వ సంవత్సరపు పాసుపుస్తకముల చట్టము చెప్పినట్లు 90 దినములలో తహశీల్దారునకు తెలుపుడు. సంఘములో నామినీ పేరును నేడే వ్రాయించుడు. తాత చేయని పని మనుమని మెడకు చుట్టుకొనును.

కార్యాలయములవారికి మేము చెప్పునది యొక్కటే. మీ బీరువాలలో నున్నవి మా తలిదండ్రుల పేరులు. వానిని భద్రముగా కాపాడుడు. అడిగినవారికి చట్టప్రకారము చూపుడు. మేము కోరునది దయ కాదు, హక్కు.