‘చెప్పారు’ అన్నంత మాత్రాన నిజమైపోదు

"మా కంపెనీ లాభాలు బాగా పెరిగాయి" అని ఛైర్మన్ చెప్పారు. ఇలాంటి వార్తలు పేపర్లో రోజూ చూస్తుంటాం. ఇందులో విలేకరి పూచీ ఒక్కదానికే: ఛైర్మన్ ఆ మాట అన్నారని. లాభాలు నిజంగా పెరిగాయా అన్నది ఎవరూ చూసి ఉండకపోవచ్చు. కంపెనీ ప్రెస్ నోట్ ఇస్తుంది, సాయంత్రానికి వార్త పంపాలి, అదే కంపెనీ యాడ్ కూడా ఇస్తుంటుంది. ఇక ప్రశ్న ఎవరడుగుతారు?

హైదరాబాద్‌ సత్యం కంప్యూటర్స్ సంగతే చూడండి. 2008 సెప్టెంబర్‌తో ముగిసిన మూడు నెలలకు ఆదాయం 2,700 కోట్లు, నిర్వహణ లాభం 649 కోట్లు అని కంపెనీ ప్రకటించింది. మీడియా అలాగే రాసింది. మంచి కార్పొరేట్ పాలనకు ఇచ్చే గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఆ ఏడాదే వచ్చింది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు స్వయంగా రాసిన లేఖతో గుట్టు బయటపడింది. అసలు ఆదాయం 2,112 కోట్లు, లాభం 61 కోట్లే! పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవు. ఆ ఒక్కరోజే షేరు ధర నాలుగింట మూడొంతులకు పైగా పడిపోయింది. నష్టపోయినవాళ్లలో చిన్న ఇన్వెస్టర్లూ ఉన్నారు.

అంతకు మూడు వారాల ముందు, రాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను కొంటామని సత్యం ప్రకటించింది. "మా డబ్బుతో మీ ఇంటి కంపెనీలు ఎందుకు కొంటారు?" అని ఇన్వెస్టర్లు నిలదీశారు. కొన్ని గంటల్లోనే కంపెనీ వెనక్కి తగ్గింది. సూటిగా అడిగిన ప్రశ్నకు అంత బలం ఉంటుంది.

వ్యాపార వార్త చదివేటప్పుడు ఇవి గమనించండి:

- వార్తలో అంకె ఎవరిది? కంపెనీ చెప్పిందా, బయటివాళ్లెవరైనా తనిఖీ చేశారా?
- ‘వెయ్యి కోట్ల ఒప్పందం’ అంటే వెయ్యి కోట్లు వచ్చినట్టు కాదు. ఇప్పటిదాకా ఎంత పెట్టారో చూడాలి.
- లాభం కాగితం మీదేనా, చేతికి డబ్బు వచ్చిందా? వార్షిక నివేదికలోని క్యాష్ ఫ్లో పట్టిక చూడండి.
- జనం దగ్గర డబ్బు తీసుకునే సంస్థ అయితే రిజర్వ్ బ్యాంక్ ‘సచేత్’ వెబ్‌సైట్లో వెతకండి.

ఇన్ని చూసినా మోసం జరగదని గ్యారంటీ లేదు. సత్యం లెక్కల మీద ఆడిటర్ల సంతకాలూ ఉన్నాయి. అందుకే గల్ఫ్‌లో కష్టపడి పంపిన డబ్బైనా, బిడ్డ చదువుకు దాచిన సొమ్మైనా పేపర్లో ఒక ఇంటర్వ్యూ చూసి మొత్తం ఒకేచోట పెట్టేయకండి.