ట్యాంకును అంత ఎత్తున ఎందుకు కడతారు?

కె.కోటపాడులాంటి ఊళ్లలో మంచినీళ్ల ట్యాంకు స్తంభాల మీద ఉంటుంది. ఎందుకు? కరెంటు పోయినా కుళాయి ఆగకూడదని! మోటారు నీళ్లను పైకి తోసేటప్పుడు భూమి కిందికి లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడుకు ఎదురు చేసిన పని ఎక్కడికీ పోదు, స్థితిజ శక్తిగా నిలవ ఉంటుంది. అందుకే నేల మీది కుళాయి బుస్సున కొడుతుంటే, మేడ మీది కుళాయి సన్నగా కారుతుంది. దానికి దక్కే ఎత్తు తక్కువ మరి.

ఆ స్థితిజ శక్తి లెక్క తేలికే: ద్రవ్యరాశి × 9.8 × ఎత్తు. వెయ్యి లీటర్ల నీళ్లు 1,000 కిలోలు. 10 మీటర్లు ఎక్కిస్తే 98,000 జౌళ్లు. అబ్బో అనిపిస్తుంది గానీ, ఒక్క యూనిట్ కరెంటు అంటేనే 36 లక్షల జౌళ్లు! మన వెయ్యి లీటర్లూ అందులో 36వ వంతుకు కూడా రావు.

కాబట్టి నీళ్ల నుంచి కరెంటు తీయాలంటే కొండలు కావాలి, బోలెడు నీళ్లు కావాలి. ఆంధ్రా-ఒడిశా సరిహద్దులోని మాచ్‌ఖండ్ కేంద్రం 1955 నుంచి చేస్తున్నది అదే. డుడుమ జలపాతం దగ్గరి ఎత్తు నుంచి గొట్టాల్లో దిగిన నీళ్లు అక్కడ టర్బైన్లను తిప్పుతాయి. శ్రీశైలం ఎడమగట్టున ఉన్న ఆరు యంత్రాలు, ఒక్కోటి 150 మెగావాట్లవి, ఇంకా గడుసువి. కరెంటు మిగిలిన వేళ అవి వెనక్కి తిరిగి, కిందికి దిగిన నీళ్లనే మళ్లీ జలాశయంలోకి తోడగలవు.