వాహనం వెనక గాలి: అపోహలు – వాస్తవాలు

వేగంగా సాగే వాహనం పైకప్పు మీదుగా, పక్కల వెంట జారివచ్చిన గాలి వెనక అంచు దగ్గర దాన్ని విడిచి సుడులు తిరుగుతుంది. అక్కడ పీడనం తగ్గడంవల్ల, ముందరి అధిక పీడనానికీ వెనకటి అల్పపీడనానికీ మధ్య ఏర్పడే తేడాయే గాలి నిరోధంలో, అంటే డ్రాగ్‌లో, పెద్ద వాటా అవుతుంది.

అపోహ: ముందుభాగం మొనదేలి ఉంటే చాలు.

వాస్తవం: రోడ్డు మీది వేగాలలో ముందు అంచులు తగినంత గుండ్రంగా ఉంటే గాలి తేలిగ్గానే పాయలుగా విడిపోతుంది. దాన్ని వెనక మళ్లీ సాఫీగా కలపడమే కష్టం. వెనకభాగం సన్నబడేచోట గాలి పెరిగే పీడనానికి ఎదురు సాగవలసి వస్తుంది కనుక, ఉపరితలాన్ని ఆనుకున్న పొర వేగం కోల్పోయి అక్కడినుంచి విడివడుతుంది.

అపోహ: వెనకభాగం ఎంత వాలుగా ఉంటే నిరోధం అంత తగ్గుతుంది.

వాస్తవం: 1984లో ఎస్.ఆర్. అహ్మద్, ఆయన సహచరులు ప్రచురించిన ప్రయోగాలలో 1044 మిల్లీమీటర్ల పొడవున్న నమూనా వెనకవాలును మారుస్తూ పోగా, నిరోధం సుమారు 12.5 డిగ్రీల దగ్గర కనిష్ఠమై, 30 డిగ్రీల దగ్గర గరిష్ఠానికి చేరి, ఆ కోణం దాటగానే ఒక్కసారిగా పడిపోయింది. వాలు పెరిగేకొద్దీ దాని పక్క అంచుల వెంట రెండు బలమైన సుడులు ఏర్పడి అల్పపీడనాన్ని పెంచుతాయి. 30 డిగ్రీలు దాటాక వాలు మీది ప్రవాహం పూర్తిగా విడిపోవడంతో ఆ సుడులు బలహీనపడతాయి.

అపోహ: తోక పొడవుగా సాగి మొనదేలకపోతే ప్రయోజనం లేదు.

వాస్తవం: తోకను కొంతమేర సన్నబరచి, ప్రవాహం విడివడక ముందే నిలువుగా కోసినా ప్రయోజనంలో చాలా భాగం దక్కుతుందని 1930లలో జర్మనీలో వూనిబాల్డ్ కామ్ తదితరుల కృషి చూపింది. టొయోటా ప్రియస్ వెనకభాగం ఈ కోవకు చెందినదే.

అపోహ: పికప్ వెనక తలుపు దించితే ఇంధనం ఆదా అవుతుంది.

వాస్తవం: తలుపు మూసి ఉన్నప్పుడు తొట్టిలో ఒక సుడి నిలకడగా తిరుగుతూ, పైనుంచి వచ్చే గాలి దాని మీదుగా జారిపోయేలా చేస్తుంది. తలుపు తీస్తే ఆ ఏర్పాటు చెదిరి, సాధారణంగా నిరోధం తగ్గకపోగా పెరుగుతుంది.

అపోహ: పెట్టె ఆకారపు లారీకి చేయగలిగేది ఏమీ లేదు.

వాస్తవం: వెనక అంచుల వెంట లోపలికి వంగిన పలకలు అమర్చితే సుడుల ప్రాంతం కుంచించుకుపోయి, వెనక పీడనం పెరుగుతుంది. ఇలాంటి పలకల కోసం వాహన పొడవు పరిమితిని దాటడానికి యూరోపియన్ యూనియన్ 2015లో షరతులతో అనుమతించింది. వేగం గంటకు 50 నుంచి 100 కిలోమీటర్లకు పెరిగితే నిరోధబలం నాలుగింతలు, దాన్ని అధిగమించడానికి కావలసిన సామర్థ్యం (పవర్) ఎనిమిదింతలు అవుతాయి కనుక, ఈ పలకల ఫలితం జాతీయ రహదారుల మీద కనిపించినంతగా, అడుగడుగునా ఆగే పట్టణ వీధుల్లో కనిపించదు.