నల్లనది మీదుగా

హనోయ్ నగరానికి పడమట ఉన్న కొండసీమలోనికి పోదలచిన బాటసారికి రెండు దారులు గలవు. ఒకటి ఆరవ నెంబరు జాతీయ రహదారి; దాని మీద బస్సులు నడుస్తాయి. రెండవది నల్లనది, దాని మీద పడవలు నడుస్తాయి. రహదారి ఒకచోట నదిని సమీపిస్తుంది, మరొకచోట కొండమలుపులో దానిని విడిచిపోతుంది. ఈ రెండింటినీ మార్చి మార్చి పట్టుకొని పోయినవానికే వియత్నాం వాయవ్య భాగము అర్థమవుతుంది. బస్సు ఉన్న ఊళ్లను చూపుతుంది. పడవ లేకుండా పోయిన ఊళ్ల మీదుగా సాగుతుంది.

ఈ నదిని ఆ దేశస్థులు సాంగ్ దా అంటారు. నల్లనది అన్నది ఫ్రెంచివారు పెట్టిన పేరు. చైనాలోని యున్నాన్ కొండలలో పుట్టి, ఆగ్నేయ దిశగా వియత్నాంలో ప్రవేశించి, హోవాబిన్ పట్టణము వద్ద చటుక్కున ఉత్తరానికి మళ్లి, వియత్ త్రి సమీపమున ఎర్రనదిలో కలుస్తుంది. సముద్రము తూర్పున ఉండగా ఉత్తరానికి తిరిగే ఈ మొండితనము అక్కడి కవులకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది. న్గుయెన్ తువాన్ అనే రచయిత 1960లో ఈ నది పేరనే ఒక వ్యాససంపుటి వెలువరించినాడు. రాళ్ల మీద విరుచుకుపడే ఉరవళ్లతో పోరాడి పడవను దాటించే ఒక వృద్ధ సరంగు అందులో నాయకుడు. ఈ నీరు నల్లగా ఉండగా తానెన్నడూ చూడలేదని ఆ రచయిత ఫ్రెంచివారి పేరును త్రోసిపుచ్చినాడు. ఆ వ్యాసమును ఏండ్ల తరబడి ఉన్నత పాఠశాలల విద్యార్థులు చదువుకొన్నారు. అందులోని ఉరవళ్లు మాత్రము నేడు పుస్తకములోనే మిగిలినవి.

వేకువజామున హనోయ్ బస్సు నిలయములో కొండబస్సు ఎక్కేటప్పుడు మనుషులతో పాటు బియ్యపు బస్తాలు, గంపలు, పెట్టెలు కూడ ఎక్కుతాయి. దూరప్రయాణపు బస్సులలో కూర్చుండే బల్లలు ఉండవు. రెండంతస్తుల పడకలు ఉంటాయి. చెప్పులు గుమ్మములోనే విడిచి, సంచిలో వేసుకొని, పడుకొనియే ప్రయాణము చేయవలెను. వరిచేలు వెనుకపడి, సున్నపురాతి గుట్టలు కనిపించే సరికి హోవాబిన్ వస్తుంది. హనోయ్ నుండి సుమారు 75 కిలోమీటర్లు. ఆ పేరుకు అర్థము శాంతి.

ఊరి తలమీదనే 128 మీటర్ల ఎత్తున ఆనకట్ట నిలిచి ఉన్నది. సోవియట్ యూనియన్ సహాయముతో 1979 నవంబరులో పని ఆరంభించి, 1994 డిసెంబరులో ప్రారంభోత్సవము జరిపినారు. కొండను తొలిచి, దాని గర్భములో ఎనిమిది యంత్రాలు నెలకొల్పినారు. వాటి శక్తి 1,920 మెగావాట్లు. 1994లోనే ఆ విద్యుత్తు దేశము పొడవునా వేసిన తీగల వెంట దక్షిణాన హోచిమిన్ నగరము దాక చేరినది. ఈ ఆనకట్ట ఎందుకని అడిగేవానికి దీపాలొక్కటే సమాధానము కాదు. 1971 ఆగస్టులో ఎర్రనది గట్లు తెగి మైదానమంతా మునిగిన సంగతి ఆ తరమువారు మరువలేదు. ఆ వరదకు మూలమైన నదులలో నల్లనది పెద్దది. దానిని కట్టివేయడము ప్రాణరక్షణ కూడ అయినది. అందుకు మూల్యముగా 168 మంది పనివారు ప్రాణాలర్పించినారు. వారిలో పదకొండుగురు సోవియట్ దేశస్థులు.

ఆనకట్ట వద్ద ఒక కాంక్రీటు దిమ్మె ఉన్నది. దానిలో, నిర్మాతలు భావితరాలకు వ్రాసిన ఉత్తరము భద్రపరచినారు. దానిని 2100వ సంవత్సరము జనవరి 1వ తేదీన తెరువవలెనని దిమ్మె మీదనే చెక్కించినారు. చూడవచ్చినవారు ఆ తేదీ చదివి, వ్రేళ్ల మీద ఏదో లెక్క వేసుకొని, మౌనముగా కదలిపోతారు.

ఆనకట్ట వెనుక రేవులో పడవ ఎక్కితే జలాశయము ఆరంభమవుతుంది. అది కొండల నడుమ రెండువందల కిలోమీటర్లకు పైగా సాగి ఉన్నది. నీరు ఆకుపచ్చగా, కదలిక లేక, అద్దమువలె ఉంటుంది. ఒకనాటి కొండశిఖరాలు నేడు దీవులు. ఒడ్డున వెదురు తెప్పలకు వలపంజరాలు కట్టి చేపలు పెంచుతారు. పొలాలు పోయినవారికి ఇది క్రొత్త వ్యవసాయము. నీటి క్రిందికి పోయిన లోయలో ముయాంగ్, థాయ్ జాతులవారి ఊళ్లు, పల్లపు వరిమళ్లు ఉండేవి. ఏబది వేల మందికి పైగా లేచిపోవలసి వచ్చినది. అనేకులు దూరము పోలేక అదే కొండ పైభాగానికి జరిగినారు. నీరు ఎక్కివచ్చిన కొలది మరల జరిగినారు. పల్లపు మడిలో వరి పండించిన చేతులు, ఏటవాలు నేలలో మొక్కజొన్న నాటుకొన్నవి.

థాక్ బో అనే చోట పడవలు ఆగుతాయి. ఒకప్పుడు ఇక్కడ ఘోరమైన ఉరవడి ఉండేది. దాని ప్రక్కన పేరుపొందిన సంత ఉండేది. మింగ్ సేనలను తరిమి 1428లో రాజ్యము స్థాపించిన లే లోయ్ చక్రవర్తి, కొన్ని ఏండ్లకు వాయవ్య సీమమీద దండెత్తి తిరిగివస్తూ ఇక్కడి బండమీద పద్యము చెక్కించినాడు. ఆ సేనకు పడవలు, తిండిగింజలు సమకూర్చిన స్థానిక స్త్రీలే ఇక్కడి దేవతలుగా వెలసినారని ప్రజల విశ్వాసము. జలాశయము నిండేటప్పుడు రాజుగారి పద్యమున్న బండను కోసి పట్టణానికి తరలించినారు. దేవత గుడిని మెరకకు మార్చి కట్టినారు. సంత మునిగినది. ఉరవడిని మాత్రము ఎవరు ఎక్కడికి తరలించగలరు?

మరల రహదారి. కావ్ ఫోంగ్ నారింజతోటలు దాటి బస్సు థుంగ్ ఖే కనుమ ఎక్కుతుంది. మంచుతెరలో తెల్లని సున్నపురాతి గోడలు, వాటి క్రింద ఉడికించిన మొక్కజొన్న పొత్తులు, వెదురు గొట్టములో కాల్చిన అన్నము అమ్మే పాకలు. కనుమ దిగితే మైచౌ లోయ. అక్కడి థాయ్ ఇండ్లు గుంజల మీద నిలిచి ఉంటాయి. క్రింద మగ్గము, పైన సంసారము. హోవాబిన్ లోయలో మునిగిన ఊళ్లు ఎట్లుండేవో ఇక్కడ చూచి ఊహించుకొనవచ్చును. ఆ పైన మోక్ చౌ పీఠభూమి తేయాకు తోటలు, సొన్ లా పట్టణము, తరువాత ముప్పది రెండు కిలోమీటర్ల ఫాదిన్ కనుమ. 1954లో దియెన్ బియెన్ ఫూ యుద్ధానికి సామగ్రి మోసిన జనము, ఫ్రెంచి విమానాల బాంబుల క్రింద, ఈ కనుమ మీదుగానే నడిచిపోయినారు.

కనుమ దిగి ఉత్తరానికి మళ్లితే నల్లనది తిరిగి ఎదురవుతుంది. అచటి ఊరు మువాంగ్ లై. పూర్వము దాని పేరు లైచౌ. 2005లో ఆరంభమై 2012లో ముగిసిన సొన్ లా ఆనకట్ట, 2,400 మెగావాట్ల శక్తి గలది, ఇరువది వేలకు పైగా కుటుంబాలను కదలించినది. పాత లైచౌ దాని నీటిలో మునిగినది. జనము మెరకకు జరిగి, గుంజల ఇండ్లు వరుసలుగా కట్టుకొన్నారు. లే లోయ్ చెక్కించిన మరొక శిలను ఇక్కడ కూడ పైకి చేర్చినారు. నదిమీది పాత వ్రేలాడు వంతెనను విప్పివేసినారు. ఊరి పేరు కూడ ఊరిలో నిలువలేదు. లైచౌ అన్న పేరు ఇప్పుడు వేరొక పట్టణానిది.

ఇక్కడి రేవునుండి పడవ సాగేటప్పుడు పెద్దవారు నీటివైపు వ్రేలు చూపి, ఇక్కడ బడి, అక్కడ అంగడివీధి అని పిల్లలకు చెబుతారు. పిల్లలకు కనిపించేది నీరే. వారి ఇంట వెలిగే దీపము ఆ నీటి బిడ్డ. వారి తాతల మడిచెక్క ఆ నీటి ఆహారము. రెండూ సత్యములే. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచినచో నల్లనది కథ సగమే చెప్పినట్లు అవుతుంది.

2100లో హోవాబిన్ దిమ్మెను తెరచేవారు నిర్మాతల ఉత్తరము చదువుకొంటారు. మునిగిన ఊళ్లవారు వ్రాసిన ఉత్తరమేదీ ఆ ప్రక్కన లేదు. పడవలో తాత చూపిన వ్రేలే వారి ఉత్తరము. దానిని ఏ దిమ్మెలోనూ దాచలేరు; మనుమడు తన మనుమనికి చూపవలసినదే.