నానమ్మ, తాతయ్యలను కూర్చోబెట్టేయకండి

స్కూల్ బస్ స్టాపు వరకు పిల్లల చెయ్యి పట్టుకుని వచ్చేది చాలా ఇళ్లలో తాతయ్యో, అమ్మమ్మో, నానమ్మో. వారు ఒకసారి జారిపడితే చాలు, ‘మీరు కూర్చోండి, మేం చూసుకుంటాం’ అంటాం. ప్రేమతో అనే మాటే. కానీ కూర్చున్నకొద్దీ తొడ కండరాల బలం తగ్గుతుంది. బలం తగ్గినకొద్దీ మళ్లీ పడే ప్రమాదం పెరుగుతుంది.

మనం తూలకుండా నిలబడటానికి కండరాల బలంతో పాటు చూపు, లోపలి చెవి, పాదాల స్పర్శ సాయపడతాయి. వయసుతో ఇవన్నీ మందగిస్తాయి. చాలాకాలంగా షుగర్ ఉన్నవారిలో కొందరికి పాదాలు మొద్దుబారతాయి. చీకట్లో చూపు సాయమూ ఉండదు. అందుకే రాత్రి బాత్రూంకు వెళ్లే దారిలో చిన్న లైటు తప్పనిసరి.

‘రోజూ వాకింగ్ చేస్తున్నారుగా!’ అనుకోవచ్చు. నడక గుండెకు మంచిదే, కానీ అదొక్కటే సరిపోదు. 65 ఏళ్లు దాటినవారు వారానికి కనీసం 3 రోజులు నిలకడను, బలాన్ని పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది.

వీటికి జిమ్ అక్కర్లేదు, వంటగది గట్టు చాలు. తడి లేని నేల మీద గట్టు పట్టుకుని నిలబడి, మడమలు మెల్లగా ఎత్తి దించాలి. తర్వాత ఒక పాదం ముందు మరో పాదం ఆనించి 10 అంకెలు లెక్కపెట్టేంతసేపు నిలబడాలి. అది తేలికైతే ఒంటికాలిపై నిలబడవచ్చు, చెయ్యి మాత్రం గట్టు మీదే ఉండాలి. అన్నిటికన్నా ఉపయోగపడేది కుర్చీలోంచి లేచి కూర్చోవడం. గోడకు ఆనించిన గట్టి కుర్చీ కావాలి, జారే ప్లాస్టిక్ కుర్చీ వద్దు. మొదట చేతులు ఆనించి 5 సార్లు చేసి, అలవాటయ్యాక చేతుల సాయం తగ్గించాలి.

అంకెలు లెక్కపెట్టే పని మీ పిల్లలకు అప్పగించండి. నానమ్మను బద్ధకించనివ్వరు! ఆసరాగా మాత్రం వారిని నిలబెట్టకండి, పెద్దల బరువును ఆపలేరు.

ఇటీవల పడినవారు, లేవగానే కళ్లు తిరిగేవారు, మోకాలు లేదా తుంటి ఆపరేషన్ అయినవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ వెంట తీసుకెళ్లండి. కొన్ని బీపీ మందులు, నిద్రమాత్రల వల్ల కూడా తూలు రావచ్చు. డాక్టరు చెప్పకుండా వాటిని మానేయకూడదు.