అరక నడక: ఎద్దు ఓర్పుకు తగిన వేగం

నాటునాగలితో ఎకరం దున్నడానికి ఎద్దులు ఎంత దూరం నడుస్తాయని ఏటా విద్యార్థులను అడుగుతుంటాను. మూడు, నాలుగు కిలోమీటర్లని చెబుతారు. ఎకరం 4,047 చదరపు మీటర్లు. చాలు వెడల్పు 15 సెంటీమీటర్లు అనుకుంటే, మలుపులు లెక్కించకుండానే 27 కిలోమీటర్లవుతుంది. అదే 75 సెంటీమీటర్ల గుంటకతో అయితే ఐదున్నర కిలోమీటర్లకు మించదు. గుర్రాల దూరపు స్వారీ పోటీలలో ఒక్కరోజులో 160 కిలోమీటర్ల వరకు నడిపిస్తారు. అయితే మన ఎద్దు తన దూరమంతా నేలను చీలుస్తూ నడుస్తుంది.

ఆ స్వారీ పోటీలలో ఒక మంచి నియమం ఉంది. ప్రతి మజిలీలోనూ పశువైద్యుడు నాడి చూస్తాడు. నిర్ణీత వ్యవధిలో గుండె వేగం నిమిషానికి 64కు దిగని గుర్రాన్ని ముందుకు పోనివ్వరు. ఎంత వేగంగా వచ్చిందన్నది కాదు, ఎంత త్వరగా కుదుటపడిందన్నదే అక్కడ పరీక్ష. అరకకు ఇటువంటి కొలమానాన్ని మనం రైతుకు ఎన్నడూ సరిగా చెప్పలేదు.

ఒంగోలు జాతి ఎద్దు ఎక్కువ సేపు అలసట లేకుండా లాగగలిగేది తన బరువులో సుమారు పదో వంతు. ఒక్కొక్కటి 500 కిలోలుండే జత 100 కిలోల లాగుడుతో గంటకు రెండున్నర కిలోమీటర్లు నడిస్తే ఉత్పత్తయ్యే శక్తి దాదాపు 0.9 అశ్వశక్తి. గురజాల, మాచర్ల ప్రాంతాలలో వాన ఆలస్యమై రేగడి గట్టిపడినప్పుడు లాగుడు 140 కిలోలకు పెరిగిందనుకుందాం. అదే శక్తితో సాగాలంటే వేగం 1.8 కిలోమీటర్లకు తగ్గాలి, లేదా లోతు తగ్గించాలి. చర్నాకోల ఝుళిపించి పాత వేగాన్నే నిలబెడితే 1.3 అశ్వశక్తి కావాలి. అది కొద్దిసేపు ఇవ్వగలవు గానీ పూటంతా ఇవ్వలేవు. జతలో బలహీనమైనది దాపలిదైనా వలపలిదైనా, వేగాన్ని నిర్ణయించవలసింది అదే.

దీనికి ఎండ తోడవుతుంది. రెంటచింతల వేసవి సంగతి పాఠకులకు చెప్పనవసరం లేదు. పనిచేసే కండరాల వేడికి నెమరు పొట్టలో మేత పులిసే వేడి కలుస్తుంది. అందుకే తెల్లవారకముందే కాడి కట్టి, ఎండ ముదరకముందే విప్పే ఒంటిపూట అరకను ఛాందసమని కొట్టిపారేయరాదు. మిగిలిన పూట నెమరుకు కావాలి.

పొలంలో చూడవలసినవి కొన్నే. కాడి కట్టకముందు డొక్క కదలికలను నిమిషం పాటు లెక్కించి రాసుకోవాలి. మలుపులో ఆపి, కాసేపు నిలిపి, మళ్లీ లెక్కించాలి. నీడలో నిలిపినా రొప్పు తగ్గకపోవడం, నోట నురగ, నాలుక బయటపడడం, వెనుక కాళ్లు తడబడడం కనిపిస్తే ఆ పూటకు కాడి విప్పవలసిందే.

సంక్రాంతికి, శివరాత్రికి జరిగే బండలాగుడు పోటీలు వేరు. అక్కడ పళ్ల వరుసను బట్టి విభాగాలు చేసి, నిర్ణీత నిమిషాలలో లాగిన దూరాన్ని అడుగులలో కొలుస్తారు. ఆ జతలను చూసి ముచ్చటపడని పల్నాటివాడు ఉండడు, నేనూ అంతే. కానీ ట్రాక్టర్లు వచ్చి అరకలు తగ్గిన ఈ కాలంలో యువకులు ఎద్దును పోటీలోనే చూస్తున్నారు. పూటంతా సాగే నడక వారికి తెలియడం లేదు.

మా పనిముట్ల పరీక్షలలోనూ ఇదే లోపం ఉండేది. విద్యార్థిగా ఉన్నప్పుడు ఉదయం మొదటి గంటలో దున్నిన విస్తీర్ణాన్ని ఎనిమిదితో హెచ్చవేసి రోజు సామర్థ్యంగా రాశాను. అరక తోలిన వృద్ధ రైతు ఆ కాగితం చూసి, “నాలుగో గంటకు నువ్వు ఇక్కడ లేవు గదయ్యా” అన్నాడు. ఇప్పుడు నా విద్యార్థుల పట్టికలో ప్రతి గంటకూ ఒక గడి, దాని పక్కన డొక్క కదలికలకు మరొక గడి ఉంటాయి.